రాంఫోసీలస్ టానజర్లు: వర్గీకరణ, జాతుల గురించి తరచుగా అడిగే ప్రశ్నలు

నల్లటి ఒంటి మీద నిప్పు అంటుకున్నట్టు ఎర్రటి నడుము, వెండి పూత పూసినట్టు తెల్లగా మెరిసే ముక్కు. ఇలాంటి పిట్ట ఫోటో ఒకటి కంటపడగానే "దీని పేరేమిటి?" అని వెతకడం మొదలుపెడతాం. నాలుగు చోట్ల వెతికితే నాలుగు పేర్లు వస్తాయి. ఒక పుస్తకం రాంఫోసీలస్ అనే ఈ ప్రజాతిలో (అంటే దగ్గరి బంధువులైన జాతుల గుంపులో) 10 జాతులు అంటుంది, ఇంకొకటి 9, మరొకటి 8. తప్పెవరిది అన్న అనుమానం వస్తుంది. తప్పు ఎవరిదీ కాదు. ఈ లెక్క ఎందుకు మారుతూ ఉంటుందో ఒకసారి అర్థమైతే మిగతా సందేహాలు చాలావరకు తీరిపోతాయి. ముందే ఒక సలహా: ఫోటోల్లో ఎప్పుడూ మగపక్షే కనిపిస్తుంది, కానీ ఈ ప్రజాతిలో ఒక పెద్ద తగవులో కీలకమైన సాక్ష్యం ఆడపక్షిది.

రాంఫోసీలస్ అంటే ఏమిటి? టానజర్ అంటే ఏమిటి?

టానజర్ అనేది మధ్య, దక్షిణ అమెరికాల్లో ఉండే ఒక పెద్ద పక్షి కుటుంబానికి వాడుక పేరు. బ్రెజిల్ తీరంలోని టూపీ భాషలో ఉన్న "తంగారా" అనే మాట నుంచి వచ్చింది. కుటుంబం శాస్త్రీయ నామం థ్రౌపిడే. ఇందులో దాదాపు 380 జాతులున్నాయి. పక్షి కుటుంబాల్లో ఇంతకంటే పెద్దది టైరంట్ ఫ్లైక్యాచర్ల కుటుంబం ఒక్కటే.

ఆ 380 జాతుల గుంపులో ఒక చిన్న ప్రజాతి రాంఫోసీలస్. సుమారు 16 నుంచి 20 సెంటీమీటర్ల పొడవుండే పిట్టలు. అడవి అంచుల్లో, పొదల్లో, ఏటి గట్ల మీద, తోటల్లో చిన్న చిన్న గుంపులుగా గోల చేస్తూ తిరుగుతాయి. మెక్సికో దక్షిణ భాగం నుంచి పరాగ్వే, అర్జెంటీనా ఈశాన్య మూల దాకా ఏదో ఒక జాతి కనిపిస్తుంది.

టానజర్ అని పేరున్నవన్నీ ఈ కుటుంబంలోవేనా?

కాదు. ఇక్కడే చాలామంది తికమకపడతారు. ఉత్తర అమెరికాలో ప్రసిద్ధి చెందిన స్కార్లెట్ టానజర్, సమ్మర్ టానజర్ రెండూ పిరంగా ప్రజాతివి. డీఎన్‌ఏ పరీక్షలు వచ్చాక వాటిని కార్డినల్ కుటుంబంలోకి మార్చారు. పేరు మాత్రం పాతదే మిగిలిపోయింది. ఒకప్పుడు టానజర్లుగా లెక్కించిన యూఫోనియాలు ఇప్పుడు ఫించ్‌ల కుటుంబంలో ఉన్నాయి.

దీనికి పూర్తిగా తిరగబడిన ఉదాహరణ డార్విన్ ఫించ్‌లు. గలపాగోస్ దీవుల్లోని ఆ ప్రసిద్ధ పిట్టల పేరులో ఫించ్ అని ఉంది గానీ, వంశం చూస్తే అవి టానజర్లే. కాబట్టి ఇంగ్లీషు పేరు చూసి చుట్టరికం కలపకండి.

రాంఫోసీలస్ విషయంలో ఈ గొడవ లేదు. ఇవి అసలు సిసలు టానజర్లు.

ఈ పేరు ఎవరు పెట్టారు? అర్థం ఏమిటి?

ఫ్రెంచ్ జంతుశాస్త్రవేత్త ఆన్సెల్మ్ గేటన్ దెమారే 1805లో పెట్టారు. గ్రీకులో రాంఫోస్ అంటే ముక్కు, కోయిలోస్ అంటే లోపలికి గుంటపడినది. ముక్కు ఆకారాన్ని బట్టి పెట్టిన పేరన్నమాట. ప్రజాతికి నమూనా జాతిగా, అంటే ఆ పేరుకు ప్రామాణికంగా నిలిచే జాతిగా, బ్రెజిలియన్ టానజర్‌ను తీసుకున్నారు.

గ్రీకు తెలిసినవాళ్ళకు ఈ స్పెల్లింగ్ కంట్లో నలుసులా ఉంటుంది. వ్యాకరణం ప్రకారం ఆర్ పక్కన ఒక హెచ్ ఉండాలి, మధ్యలో ఇంకో స్వరం కూడా ఉండాలి. 19వ శతాబ్దంలో కొందరు పండితులు ఊరుకోలేక దిద్ది రాశారు, అందుకే పాత పుస్తకాల్లో రెండు మూడు రకాల స్పెల్లింగ్‌లు దొరుకుతాయి. జంతువుల నామకరణ నియమాలు మాత్రం మొదట అచ్చయిన రూపానికే ప్రాధాన్యం ఇస్తాయి. గ్రీకు తప్పయినా సరే, దెమారే రాసిందే చెల్లుతుంది.

టానజర్ కుటుంబంలో దీనికి దగ్గరి బంధువులు ఎవరు?

పాత పద్ధతిలో ముక్కు ఆకారం, తిండి చూసి వర్గీకరించేవాళ్ళు. పండ్లు తినే రంగుల పిట్టయితే టానజర్, గింజలు కొరికే లావు ముక్కు ఉంటే ఫించ్ లేదా బంటింగ్. డీఎన్‌ఏ వచ్చి ఈ గోడలన్నీ పడగొట్టింది. 2014లో కెవిన్ బర్న్స్, ఆయన సహచరులు కుటుంబం మొత్తానికి ఒక పెద్ద వంశవృక్షం ప్రచురించారు. దాని ఆధారంగా కుటుంబాన్ని 15 ఉపకుటుంబాలుగా విడగొట్టారు. రాంఫోసీలస్ పడింది టాకీఫోనినే అనే ఉపకుటుంబంలో.

ఆ ఇంట్లో ఎవరెవరున్నారో చూస్తే ఆశ్చర్యం వేస్తుంది. టాకీఫోనస్, లానియో, యూకోమెటిస్ లాంటి అడవి టానజర్లు ఉన్నాయి, అది సరే. వాటి పక్కనే గడ్డి గింజలు తింటూ, కూర్చున్న చోటు నుంచి బంతిలా పైకి ఎగిరి మళ్ళీ అక్కడే వాలే బుల్లి నల్లపిట్ట వొలాటినియా కూడా ఉంది. చూడ్డానికి రాంఫోసీలస్‌కూ దీనికీ పోలికే లేదు. అయితే ఒక్క సంగతి మాత్రం ఈ ఉపకుటుంబంలో చాలాచోట్ల కనిపిస్తుంది: మగది నల్లగానో ఎర్రగానో మెరిసిపోతుంది, ఆడది గోధుమరంగులో ఉంటుంది.

అసలు ఎన్ని జాతులు? 8, 9, 10లో ఏది కరెక్టు?

పేర్లు పది ఉన్నాయి. వాటిలో ఆరింటి గురించి పెద్దగా తగవు లేదు.

కార్బో, అంటే సిల్వర్-బీక్డ్ టానజర్. మెలనోగాస్టర్, అంటే ఉయాగా టానజర్. దీన్నే బ్లాక్-బెల్లీడ్ టానజర్ అని కూడా అంటారు. డిమిడియాటస్, అంటే క్రిమ్సన్-బ్యాక్డ్. బ్రెసీలియా, అంటే బ్రెజిలియన్ టానజర్. నైగ్రోగులారిస్, అంటే మాస్క్‌డ్ క్రిమ్సన్. సాంగ్వినోలెంటస్, అంటే క్రిమ్సన్-కాలర్డ్.

మిగిలిన నాలుగూ రెండు జంటలు. పాసెరినీ, కోస్టారిసెన్సిస్ (అంటే చెర్రీ టానజర్) ఒక జంట. ఫ్లామిజెరస్, ఇక్టెరోనోటస్ ఇంకో జంట. రెండు జంటలనూ విడదీస్తే మొత్తం 10. ఒక జంటను కలిపితే 9. రెండింటినీ కలిపితే 8. లెక్కలో తేడా అంతా ఇంతే. ఈ రెండు జంటల కథలు వేరు, వాటిని విడదీయడానికీ కలపడానికీ చెప్పే కారణాలూ వేరు. అందుకే కింద విడివిడిగా రాస్తున్నాను.

పాసెరినీ టానజర్, చెర్రీ టానజర్ ఒకటేనా?

2018 నుంచి ఒకటే అని అమెరికన్ ఆర్నిథాలజికల్ సొసైటీ అంటోంది. కలిపిన జాతికి స్కార్లెట్-రంప్డ్ టానజర్ అనే పాత పేరే మళ్ళీ ఇచ్చారు. కానీ ఇక్కడికి రావడానికి ముందు చాలా జరిగింది.

1831లో పక్షిశాస్త్రవేత్త షార్ల్ లూసియన్ బొనపార్ట్ ఒక నల్లపిట్టకు ఫ్లారెన్స్‌కు చెందిన కీటకశాస్త్రవేత్త కార్లో పాసెరినీ పేరు పెట్టారు. మగది ఒళ్ళంతా మఖ్మల్ నలుపు, నడుము ఒక్కటే భగ్గుమనే ఎరుపు. (ఈ పేజీలో నడుము అంటే వీపు కింద, తోక మొదలయ్యే చోటికి కాస్త పైన ఉండే భాగం.) 60 ఏళ్ళ తర్వాత, 1891లో, కోస్టారికాలో పనిచేస్తున్న అమెరికన్ నాచురలిస్ట్ జార్జ్ చెర్రీ పసిఫిక్ వైపున దొరికిన పక్షులను చూసి ఇవి వేరు అన్నారు. మగవి చూస్తే అచ్చు పాసెరినీలాగే ఉన్నాయి. తేడా ఆడవాటిలో దొరికింది. కరీబియన్ వైపు ఆడపక్షి బూడిద తల, ముదురు పసుపు ఒళ్ళుతో సాదాగా ఉంటుంది. పసిఫిక్ వైపు ఆడపక్షికి రొమ్ము మీద, నడుము మీద నారింజ రంగు స్పష్టంగా తేలుతుంది. ఈ చెర్రీ తర్వాత 1913–14లో రూజ్‌వెల్ట్, రోండన్ కలిసి బ్రెజిల్‌లో చేసిన నదీ యాత్రలో నాచురలిస్ట్‌గా వెళ్ళారు.

రెండు రకాల మధ్యా కోస్టారికా, పశ్చిమ పనామా పర్వతాలు అడ్డుగోడలా నిలబడ్డాయి. ఒకటి మెక్సికో నుంచి కరీబియన్ వాలు వెంట కిందికి వస్తుంది, ఇంకొకటి పసిఫిక్ వాలుకే పరిమితం. చాలాకాలం రెండింటినీ ఒకే జాతిగా చూశారు. 1996లో షానన్ హ్యాకెట్ ఈ ప్రజాతి వంశవృక్షం మీద చేసిన డీఎన్‌ఏ అధ్యయనం వెలువడింది, రెండు వైపుల పక్షుల మధ్య జన్యు తేడా ఉందని తేలింది. 1990ల చివర్లో విడదీశారు. ఇరవై ఏళ్ళకు 2018లో తేడాలు జాతి స్థాయికి సరిపోవు అంటూ మళ్ళీ కలిపారు.

నన్నడిగితే ఇందులో ఎవరినీ తప్పుపట్టలేం. రెండు గుంపులు ఎదురెదురు పడని చోట "కలిస్తే పిల్లలు పుడతాయా" అన్న పరీక్ష పెట్టడానికి వీలుండదు. అప్పుడు రంగు, పాట, డీఎన్‌ఏ చూసి అంచనా వేయాలి. ఎంత తేడా ఉంటే వేరు జాతి అనాలి అన్న గీత ఎక్కడ గీయాలో మనుషులే నిర్ణయించాలి. పాత బర్డింగ్ పుస్తకం చేతిలో ఉంటే రెండు పేర్లు కనిపిస్తాయి, కొత్తదైతే ఒకటే కనిపిస్తుంది, టెన్షన్ పడకండి.

పసుపు నడుము, ఎర్ర నడుము: ఇవి రెండు జాతులా, ఒకటా?

ఇక్కడ పరిస్థితి పైదానికి సరిగ్గా వ్యతిరేకం. పాసెరినీ, చెర్రీలలో మగవి ఒకేలా ఉండి ఆడవి తేడాగా ఉన్నాయి, పైగా కొండలు విడదీశాయి. ఇక్కడ మగవి కొట్టొచ్చినట్టు వేరు, అయినా కలిసిపోతున్నాయి.

ఫ్లామిజెరస్ అంటే లాటిన్‌లో మంట మోసేది. మగది నల్లగా ఉండి నడుము ఎర్రగా ఉంటుంది. కొలంబియాలోని కౌకా నది లోయ దీని ఇల్లు. ఇక్టెరోనోటస్ అంటే పసుపు వీపుది. నడుము నిమ్మపండు రంగు. పనామా నుంచి కొలంబియా పసిఫిక్ తీరం మీదుగా ఈక్వడార్ దాకా ఉంటుంది. రెండింటి మధ్య ఆండీస్ పశ్చిమ శ్రేణి అడ్డంగా ఉంది.

ఈ శ్రేణిలో కొన్ని కనుమలు ఎత్తు తక్కువ. ఒకప్పుడు ఆ కనుమల్ని దట్టమైన అడవి కప్పేసి ఉండేది. ఈ పిట్టలకు దట్టమైన అడవి పడదు, తెరపి, పొదలు కావాలి. మనుషులు అడవులు కొట్టి, దారులు వేసి, పొలాలు చేశాక వాటికి రహదారి పడింది. అటువైపువి ఇటు, ఇటువైపువి అటు వచ్చి కలిశాయి. జతకట్టాయి. పుట్టిన పిల్లల నడుము పసుపూ కాదు, ఎరుపూ కాదు, నారింజ. ఇవి మళ్ళీ రెండు వైపులా కలుస్తూ పోయాయి. ఫలితంగా అక్కడి మగపక్షులను వరుసగా పేరిస్తే నిమ్మపసుపు నుంచి ఎరుపు దాకా రంగుల నిచ్చెన ఒకటి తయారవుతుంది. 1958లో చార్లెస్ సిబ్లీ ఈ సంకర ప్రాంతం గురించి వివరంగా రాశారు. తర్వాతి తరం శాస్త్రవేత్తలు మళ్ళీ అదే దారిలో నమూనాలు సేకరించి చూస్తే, పక్షులు కలిసే చోటు కొండ మీదికి జరిగినట్టు తేలింది. అంటే ఈ కథ ఇంకా నడుస్తూనే ఉంది.

ఇంత స్వేచ్ఛగా కలిసిపోతుంటే రెండు జాతులని ఎలా అంటాం, కాబట్టి ఒకే జాతి, ఫ్లామిజెరస్ అంటుంది దక్షిణ అమెరికా వర్గీకరణ కమిటీ. కలిసేది ఒక ఇరుకు ప్రాంతంలోనే కదా, అవతలా ఇవతలా వేల పక్షులు శుభ్రంగా వేరుగానే ఉన్నాయి కదా అని విడదీసే జాబితాలూ ఉన్నాయి. నాకు మొదటి వాదనే బలంగా అనిపిస్తుంది. కానీ ఫీల్డ్‌లో నోట్సు రాసుకునేటప్పుడు మాత్రం నడుము రంగు తప్పకుండా రాసుకోండి. జాతి పేరు రేపు మారినా మీరు రాసుకున్న రంగు మారదు.

సిల్వర్-బీక్డ్ టానజర్ అంత ప్రసిద్ధి ఎందుకు?

ఎక్కువ చోట్ల ఉంటుంది కాబట్టి. అమెజాన్ పరీవాహకమంతా, వెనిజులా, ట్రినిడాడ్, గయానాలు, కిందికి వస్తే మధ్య బ్రెజిల్, పరాగ్వే దాకా. బరువు 25 గ్రాముల చుట్టుపక్కల. మగది దూరం నుంచి నల్లపిట్టలా కనిపిస్తుంది. వెలుతురు సరిగ్గా పడితే గొంతు, రొమ్ము ముదురు ఎరుపులో మెరుస్తాయి. కింది ముక్కు ఉబ్బి వెండిలా తెల్లగా ఉంటుంది. గొడవపడేటప్పుడు ముక్కు పైకెత్తి ఆ తెలుపును ప్రదర్శిస్తాయి.

దీన్ని మొదట వర్ణించింది పీటర్ సైమన్ పల్లాస్, 1764లో. కార్బో అంటే బొగ్గు. తమాషా ఏమిటంటే ఆయన దీన్ని లానియస్ ప్రజాతిలో పెట్టారు. అంటే పురుగుల్ని ముళ్ళకు గుచ్చే ష్రైక్ పిట్టల సరసన! ఎండిన చర్మం ఒక్కటే చేతిలో ఉండి, బతికున్న పక్షిని ఎన్నడూ చూడని రోజుల్లో ఇలాంటివి మామూలే.

ఇంత విస్తీర్ణం ఉన్న జాతి అంతటా ఒకేలా ఉండదు. సాధారణంగా 8 ఉపజాతులు లెక్కిస్తారు. ట్రినిడాడ్ వైపు ఉండే ఉపజాతి పేరు మాగ్నిరోస్ట్రిస్, అంటే పెద్ద ముక్కుది.

బ్రెజిలియన్ టానజర్ పేరు ఒకచోట బ్రెసీలియస్ అని, ఇంకోచోట బ్రెసీలియా అని ఉంది. రెండు పక్షులా?

ఒకటే పక్షి. 1766లో, జీవులకు రెండు మాటల శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ దీన్ని తనాగ్రా ప్రజాతిలో పెట్టి, జాతి పేరును బ్రెసీలియా అని రాశారు. తర్వాత దీన్ని రాంఫోసీలస్‌లోకి మార్చారు. ఆ పేరు లాటిన్ వ్యాకరణం ప్రకారం పుంలింగం కాబట్టి జాతి పేరును కూడా బ్రెసీలియస్ అని మార్చి రాసుకుంటూ వచ్చారు. విశేషణమైతే లింగం కలవాలి. ఈ మాట నామవాచకం, లింగం కలపనక్కర్లేదు అని తర్వాత తేల్చడంతో చాలా జాబితాలు మళ్ళీ బ్రెసీలియాకే వచ్చాయి.

పక్షి సంగతికొస్తే, ప్రజాతిలో అందరికంటే ఎర్రటిది ఇదేననిపిస్తుంది. రెక్కలు, తోక నలుపు, మిగతాదంతా రక్తం రంగు. బ్రెజిల్‌లో దీన్ని టియే-సాంగే అంటారు, సాంగే అంటే రక్తం. పనామాలో క్రిమ్సన్-బ్యాక్డ్ టానజర్‌ను సాంగ్రే దె తోరో అంటారు, ఎద్దు రక్తం అని. క్రిమ్సన్-కాలర్డ్‌కు లాటిన్ పేరు సాంగ్వినోలెంటస్, అదీ రక్తమే. ఎవరికి వారు చూసినా అందరికీ ఒకటే గుర్తొచ్చింది.

ఇది తూర్పు బ్రెజిల్ తీరం వెంట, ఇసుక నేలల్లో పెరిగే పొదల్లో, అడవి అంచుల్లో ఉంటుంది. స్కార్లెట్ టానజర్ ఫోటోతో కలగాపులగం చేసేవాళ్ళు ఎక్కువ, రెండింటికీ ఎర్ర ఒళ్ళు, నల్ల రెక్కలే. కింది ముక్కు మొదట్లో తెల్లటి మెరుపు కనిపిస్తే బ్రెజిలియన్.

క్రిమ్సన్-కాలర్డ్ టానజర్‌ను కొన్ని పుస్తకాల్లో వేరే ప్రజాతిలో చూశాను. ఎందుకు?

ఫ్లోగోథ్రౌపిస్ అనే పేరు చూసి ఉంటారు. అందులో ఈ ఒక్క జాతినే పెట్టారు. కారణం ఉంది. ఈ ప్రజాతిలో ఆడ, మగ తేడా కొట్టొచ్చినట్టు ఉండటం మామూలు. ఇక్కడ మాత్రం ఆడదీ మగదాని లాగే నల్లటి ఒళ్ళు, తల వెనక నుంచి మెడ చుట్టూ రొమ్ము దాకా ఎర్రటి పట్టీతో ఉంటుంది. ముక్కు కూడా లేత నీలి బూడిదరంగు. డీఎన్‌ఏ చూశాక రాంఫోసీలస్‌లోకే తెచ్చారు. దక్షిణ మెక్సికో నుంచి పనామా దాకా దొరుకుతుంది.

మిగతా మూడింటి సంగతి?

మాస్క్‌డ్ క్రిమ్సన్ టానజర్ పశ్చిమ అమెజాన్ పక్షి. నది దారి మార్చుకున్నాక మిగిలిపోయే వంపు చెరువుల ఒడ్డున, నీళ్ళు నిండే అడవుల్లో చూడాలి. జర్మన్ నాచురలిస్ట్ స్పిక్స్ 1825లో వర్ణించారు. ఎర్రటి తల మీద నల్లటి ముసుగు. దీనిలోనూ ఆడది మగదాని లాగే ఉంటుంది, కాస్త వెలిసినట్టు కనిపిస్తుంది అంతే.

ఉయాగా టానజర్ ఉత్తర పెరూలో ఉయాగా నది ప్రాంతానికే పరిమితమైనది. ప్రజాతిలో అతి చిన్న ఇల్లున్నవాటిలో ఇదొకటి. ఎర్రటి పొట్ట మధ్యలో నల్ల మచ్చ గుర్తు.

క్రిమ్సన్-బ్యాక్డ్ పనామా, కొలంబియా, పశ్చిమ వెనిజులా పక్షి. మనుషులు తీసుకెళ్ళి వదిలితే పసిఫిక్ మధ్యలో ఉన్న తాహితీలో కూడా స్థిరపడింది. తాహితీలో ఫోటో తీశానని ఎవరైనా చెప్తే నమ్మొచ్చు.

మగవి అంత మెరుస్తుంటే ఆడవి ఎందుకు మట్టి రంగులో ఉంటాయి? ఎర్ర రంగు పదార్థం తక్కువా?

అందరూ అలాగే అనుకున్నారు. ఎరుపు, నారింజ, పసుపు రంగులు కెరోటినాయిడ్లనే పదార్థాల వల్ల వస్తాయి. పక్షి వాటిని సొంతంగా తయారు చేసుకోలేదు, పండ్ల లాంటి తిండి నుంచే రావాలి. కాబట్టి బాగా తిన్న మగది బాగా ఎర్రగా ఉంటుంది, ఆ ఎరుపు దాని ఆరోగ్యానికి సాక్ష్యం అన్నది పాత వివరణ.

2021లో ఈ ప్రజాతి ఈకల మీదే ఒక అధ్యయనం వచ్చింది. ఈకల్లోని కెరోటినాయిడ్లను కొలిస్తే ఆడవాటికీ మగవాటికీ పెద్ద తేడా కనిపించలేదు. తేడా ఈక నిర్మాణంలో ఉంది. ఈక మధ్య కాడ నుంచి పక్కలకు వచ్చే పోగులు మగవాటిలో వెడల్పుగా, కోలగా ఉంటాయి. అందువల్ల అంతే రంగు పదార్థంతో ఎరుపు ఇంకా చిక్కగా కనిపిస్తుంది. ఆ పోగుల నుంచి వచ్చే ఇంకా సన్నటి పోగులు పట్టీల్లా చదునుగా, నిలువుగా లేచి ఉంటాయి. వాటి మధ్య పడిన వెలుతురు తిరిగి బయటికి రావడం తక్కువ. మఖ్మల్ నలుపు, మఖ్మల్ ఎరుపు రహస్యం ఇదే. ఆడవాటి ఈకల్లో ఈ హంగులు లేవు, పైగా మెలనిన్ అనే ముదురు రంగు పదార్థం కలిసి రంగును మట్టి చేస్తుంది.

అంటే మగది చూపించేదంతా తిన్న తిండి గొప్పతనమే అనుకోవడానికి లేదు, కొంత లైటింగ్ ఏర్పాటు కూడా!

ఆడపక్షిని, కుర్ర మగపక్షిని ఎలా వేరు చేయాలి?

మొదట్లో కుర్ర మగవి ఆడవాటిలాగే ఉంటాయి. ఈకలు మారే కాలంలో గోధుమరంగు మీద నల్ల, ఎర్ర అతుకులు వేసినట్టు కనిపిస్తే అది ఎదుగుతున్న మగది. అతుకుల్లేకుండా ఉంటే ఒక్క ఫోటో చూసి పందెం కాయకండి.

ఫోటో ఉంది, జాతి తేల్చాలి. ఎక్కడ మొదలుపెట్టాలి?

మ్యాపుతో. రంగు తర్వాత. ట్రినిడాడ్‌లో తీసిందైతే సిల్వర్-బీక్డ్ తప్ప ఇంకోటి లేదు. తూర్పు బ్రెజిల్ తీరమైతే ముందు బ్రెజిలియన్‌ను చూడండి. పెరూలో శాన్ మార్టిన్ ప్రాంతమైతే ఉయాగాను గుర్తుపెట్టుకోండి. కోస్టారికాలో నల్ల పిట్ట, ఎర్ర నడుము కనిపిస్తే ఏ సముద్రం వైపు తీశారో అడగండి, ఉపజాతి తేలిపోతుంది. పక్కన ఆడది ఉంటే మరీ మంచిది.

పనామాలో కాస్త జాగ్రత్త. ఎర్ర నడుము, పసుపు నడుము, ఎర్ర వీపు, ఎర్ర మెడ, నాలుగు రకాలూ ఆ చిన్న దేశంలో ఏదో ఒక మూల ఉన్నాయి.

జాతి పేరు పక్కన శాస్త్రవేత్త పేరు ఒకచోట బ్రాకెట్లో, ఒకచోట విడిగా ఉంటుంది. ప్రింటింగ్ తప్పా?

తప్పు కాదు, దానికి అర్థం ఉంది. వర్ణించినప్పుడు పెట్టిన ప్రజాతి ఒకటి, ఇప్పుడున్న ప్రజాతి ఇంకొకటి అయితే పేరు, సంవత్సరం బ్రాకెట్లో రాస్తారు. కార్బోను పల్లాస్ లానియస్‌లో పెట్టారు, ఇప్పుడు రాంఫోసీలస్‌లో ఉంది, కాబట్టి పల్లాస్, 1764 బ్రాకెట్లో ఉంటుంది. కోస్టారిసెన్సిస్‌ను చెర్రీ మొదటే రాంఫోసీలస్‌లో పెట్టారు. అందుకే చెర్రీ, 1891కి బ్రాకెట్ ఉండదు.

ఏం తింటాయి? గూడు, గుడ్లు?

పండ్లు ముఖ్యం, వాటితో పాటు పురుగులు, అప్పుడప్పుడూ పూల తేనె. తిన్న పండ్ల గింజలను దూరంగా రెట్టల్లో వేస్తాయి కాబట్టి, కొట్టేసిన చోట మళ్ళీ మొక్కలు లేవడంలో వీటికి మంచి వాటా ఉంది. గూడు పొదల్లో గిన్నెలా కట్టుకుంటాయి, మామూలుగా రెండు గుడ్లు. కోస్టారికాలో చెర్రీ రకం మీద డీఎన్‌ఏతో పితృత్వ పరీక్షలు చేస్తే, గూట్లోని పిల్లల్లో చాలావాటికి తండ్రి ఆ జంటలోని మగది కాదని తేలింది.

ఇవి అంతరించే ప్రమాదంలో ఉన్నాయా?

చాలా జాతులకు ప్రస్తుతం ఆ భయం లేదు. అడవి నరికితే నష్టపోయే పక్షులే ఎక్కువ. వీటికి అంచులు, పొదలు, తోటలు ఇష్టం కాబట్టి నరికిన చోట పెరిగే చిట్టడవిలో కూడా సర్దుకుంటాయి. కౌకా కనుమల్లో జరిగింది చూశాం కదా. మనుషులు తెరపి చేయడం వల్ల ఒక పక్షికి ఇబ్బంది లేకపోగా, రెండు రకాల మధ్య గీతే చెరిగిపోతోంది.

బ్రెజిలియన్ టానజర్‌కు వేరే బెడద ఉంది, దాని అందమే. పంజరాల కోసం పట్టేవాళ్ళుంటారు. బ్రెజిల్‌లో అనుమతి లేకుండా అడవి పక్షులను పట్టడం, ఉంచుకోవడం 1998 నాటి పర్యావరణ నేరాల చట్టం ప్రకారం నేరం.

ఇన్ని జాబితాల్లో ఏది వాడాలి?

ఒకటి పట్టుకుని దాని పేరు, సంవత్సరం రాసి వాడండి. రెండు మూడు కలిపి వాడితేనే గందరగోళం. చూసిన పక్షులను ఈబర్డ్ అనే వెబ్‌సైట్లో నమోదు చేసేవాళ్ళకు క్లెమెంట్స్ అనే ప్రపంచ పక్షుల జాబితా ఎలాగూ తప్పదు. 2025 జూన్‌లో అవిలిస్ట్ పేరుతో ఉమ్మడి ప్రపంచ జాబితా మొదటి కూర్పు వచ్చింది. ఇన్నాళ్ళూ విడివిడిగా నడిచిన జాబితాలను ఒక్క దారికి తేవడం దాని ఉద్దేశం.

నా పాత నోట్సులో చెర్రీ టానజర్ అని రాసుకున్నాను. కొట్టేయాలా?

వద్దు. పక్కన స్కార్లెట్-రంప్డ్, కోస్టారిసెన్సిస్ ఉపజాతి అని చేర్చండి చాలు. ఒకసారి విడదీసి, మళ్ళీ కలిపారు. ఇంకోసారి విడదీస్తే మీ పాత గీత మీకే పనికొస్తుంది.